బొమ్మ ఎలా పడేదంటే: ‘ఛెల్లో షో’ చూసిన పిల్లాడి మూడు ప్రశ్నలకు జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ పదేళ్ళ అబ్బాయితో కలిసి పాన్ నలిన్ తీసిన గుజరాతీ సినిమా ‘ఛెల్లో షో’ చూశారు. ఆ రోజు నుంచి వాడు మూడు ప్రశ్నలతో మిమ్మల్ని వదలడం లేదన్నారు. పిల్లలు పాత సామాను పోగేసి సొంతంగా ప్రొజెక్టరు చేసుకోవడం అయ్యే పనేనా? రీళ్ళు గాజులైపోవడం, ప్రొజెక్టరు చెంచాలైపోవడం నిజంగా జరిగిందా, కథ కోసం పెట్టారా? ఆపరేటరు గదిలోకి పిల్లల్ని అలా రానిచ్చేవారా? రీళ్ళ కాలంలో పనిచేసినవాళ్ళు ఎవరైనా చెప్పమన్నారు.

నేను చెప్పగలను. మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా, అటు పక్కకి తిరిగితే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. 1979లో మా ఊరి హాల్లో రీళ్ళు చుట్టే కుర్రాడిగా చేరాను. 2012లో అదే హాల్లో ఆఖరి రీలు నడిపింది కూడా నేనే. మీ అబ్బాయి అడిగిన మూడూ నిజమే. ఎలా నిజమో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

సినిమా చూడనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. సౌరాష్ట్రలో ఒక చిన్న రైల్వే స్టేషను. అక్కడ టీ కొట్టు పెట్టుకున్న నాన్నకి సాయంగా రైళ్ళ దగ్గర టీ అమ్మే పిల్లాడు సమయ్. దగ్గర్లో గెలాక్సీ అనే హాలు. టికెట్టుకి డబ్బుల్లేవు. అమ్మ కట్టిచ్చిన అన్నం ఆపరేటరు ఫజల్‌కి పెట్టి, బదులుగా క్యాబిన్ కంతలోంచి సినిమాలు చూస్తాడు. దర్శకుడి నాన్నగారు కూడా అక్కడి ఖిజడియా జంక్షన్లో టీ అమ్మినవారే, అందుకే ఆ స్టేషను సీన్లు అంత నమ్మకంగా ఉంటాయి. 2021లో న్యూయార్క్‌లోని ట్రైబెకా చిత్రోత్సవంలో మొదటిసారి చూపించారు. మన దేశంలో 2022 అక్టోబరులో విడుదలైంది. ఆ ఏడు ఆస్కార్ పోటీకి మన తరఫున వెళ్ళి, అంతర్జాతీయ చిత్రాల విభాగంలో వడపోసిన 15 సినిమాల్లో నిలిచింది. విడుదలకి కొద్ది రోజుల ముందే అందులో నటించిన పిల్లల్లో ఒకడు, రాహుల్ కోలి, క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆ సంగతి తెలిసి చూశాను కాబట్టి పిల్లలు నవ్వే సీన్లు నాకు ఇంకో రకంగా కనిపించాయి.

మా అమ్మాయి టీవీలో పెట్టింది ఈ సినిమా. క్యాబిన్ కంతలోంచి వెలుగు హాల్లోకి పోయే సీను రాగానే నా చెయ్యి తెలీకుండానే ముందుకి వెళ్ళింది, ఆర్క్ దీపం సర్దే పిడి కోసం. పదేళ్ళు దాటింది ఆ పిడి ముట్టుకుని.

ఇక మొదటి ప్రశ్న, సొంత ప్రొజెక్టరు. మా చిన్నప్పుడు, అంటే 1970ల్లో, మా వీధి పిల్లలం చేసింది ఇదీ. ఫ్యూజు పోయిన బల్బు ఒకటి సంపాదించాలి. దాని అడుగున ఉండే నల్లటి ముక్కని మేకుతో మెల్లగా పొడిచి, లోపలి గాజు కాడని, తీగల్ని బయటికి తీసేయాలి. బుడ్డి పగలకూడదు. అందులో శుభ్రమైన నీళ్ళు నింపితే అదే కటకం. వేసవి మధ్యాహ్నం అందరూ నిద్రపోతున్నప్పుడు వాకిట్లో ఒకడు అద్దం పట్టుకుని కూర్చునేవాడు. ఎండని తలుపు సందులోంచి చీకటి గదిలోకి కొట్టేవాడు. ఆ వెలుగుకి ఎదురుగా ఒకడు ఫిల్మ్ ముక్కని పట్టుకుంటే, దాని ముందు ఇంకొకడు బల్బు పట్టుకునేవాడు. గోడ మీద నాన్న పంచె. బల్బుని ముందుకీ వెనక్కీ జరుపుతూ ఉంటే ఒక చోట మసకంతా విడిపోయి మొహం తేలుతుంది. తలకిందులుగా! మొదటిసారి ఆ మొహం పంచె మీద తేలినప్పుడు ఆరుగురం ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వాకిట్లో అద్దం పట్టుకున్నవాడికి ఏమీ కనబడదు, వాడొక్కడే “పడిందా? బొమ్మ పడిందా?” అని అరుస్తున్నాడు. తర్వాత ఫిల్మ్ ముక్కనే తలకిందులుగా పట్టుకోవాలని తెలిసింది. ఎండ జరుగుతుంది కాబట్టి అద్దం వాడు కూడా జరుగుతూ ఉండాలి. ఆ పని నేను చాలాసార్లు చేశాను.

అది నిలబడ్డ బొమ్మ. కదిలే బొమ్మ దగ్గరకొచ్చేసరికి మేం ఓడిపోయాం. రెండడుగుల ముక్క దొరికితే చేత్తో గబగబా లాగాం. మొహం కదల్లేదు, పంచె మీద నీళ్ళు కారినట్టు గీతలు పారాయి. ఎంత వేగంగా లాగితే అంత గీతలు. దీనికి జవాబు ఆపరేటరు దగ్గరే దొరికింది.

ఆయన బరంపురం వైపు నుంచి వచ్చిన ఒడియా మనిషి. అందరూ భాయినా అనేవాళ్ళం, అంటే అన్నగారు. కుటుంబం ఊళ్ళో ఉండేది, ఇక్కడ ఒక్కరే. మా అమ్మ హాల్లో పనిచేసేవాళ్ళకి క్యారేజీలు కట్టేది. భాయినా క్యారేజీ మోసుకెళ్ళే పని నాది. ఖాళీ క్యారేజీ తెచ్చిమ్మని అమ్మ చెప్పేది కాబట్టి ఆయన తినేదాకా క్యాబిన్లో ఆగేవాణ్ణి. ఆ సంగతి ఆయనకి తెలుసు. మంచి సినిమా నడుస్తున్న రోజున ఆయన ఎంత నెమ్మదిగా తినేవారంటే రెండు ముద్దలకి ఒక రీలు అయ్యేది. అమ్మ చేసే పనసపొట్టు ఆవకూర ఆయనకి ప్రాణం. ఆ కూర ఉన్న రోజు ఇంటర్వెల్ దాటేవరకు కూడా గిన్నె నా చేతికి వచ్చేది కాదు. మీ అబ్బాయికి చెప్పండి, ఫజల్ లాంటివాళ్ళు చాలా ఊళ్ళలో ఉన్నారు. రూలు ప్రకారం బయటివాళ్ళని లోపలికి రానివ్వకూడదు. వేడి ఉంటుంది, కరెంటు ఉంటుంది, ఆర్క్ వెలుగుని నేరుగా చూస్తే కళ్ళు పోతాయి. కానీ ఆట మొదలైతే ఆ గదిలో మనిషి ఒంటరి. హాల్లో ఆరొందల మంది నవ్వుతుంటే గోడకి ఇవతల ఆయన ఒక్కడే. నా వయసు పిల్లాడు ఒకడు పక్కన ఉంటే ఆయనకి ఎంత హాయిగా ఉండేదో, నేను ఆపరేటరునయ్యాకే అర్థమైంది.

ఒకరోజు ఆటకి ముందు దీపం వెలిగించకుండా మిషను తలుపు తీసి చేత్తో తిప్పి చూపించారు. ఫిల్మ్ పై నుంచి కిందకి ధారగా రాదు. ఆగుతుంది, గెంతుతుంది, ఆగుతుంది, గెంతుతుంది. లోపల శిలువ ఆకారంలో నాలుగు గాళ్ళున్న చిన్న చక్రం ఉంటుంది, దాన్నే మాల్టీస్ క్రాస్ అంటారు. పక్కనున్న చక్రం పూర్తిగా ఒక చుట్టు తిరిగితే దాని మేకు ఈ శిలువని పావు చుట్టు తిప్పుతుంది. ఆ పావు చుట్టులో ఫిల్మ్ అంచున ఉన్న నాలుగు కంతల మేర, అంటే సరిగ్గా ఒక బొమ్మ, కిందకి దిగుతుంది. మిగిలిన ముప్పావు సేపు కదలకుండా నిలబడుతుంది. దిగే ఆ రవ్వంత సేపు వెలుగు తెర మీదకి పోకూడదు, పోతే మాకు కనిపించిన గీతలే కనిపిస్తాయి. అందుకని ముందు ఒక రెక్క తిరుగుతూ ఉంటుంది, షట్టరు. బొమ్మ మారేటప్పుడు రెక్క అడ్డం, మారాక వెలుగు. నిజానికి రెక్కలు రెండు. రెండోది నిలబడి ఉన్న బొమ్మనే మధ్యలో ఇంకోసారి కప్పి తీస్తుంది. సెకనుకి 24 బొమ్మలు, ఒక్కొక్కటీ రెండేసి సార్లు, మొత్తం 48 మెరుపులు. అన్ని మెరుపులైతేనే కంటికి వెలుగు అదరదు.

ఆ రోజు భాయినా చెప్పినది ఇంకొకటుంది. రెక్క అడ్డం వచ్చిన సమయమంతా కలిపితే, రెండున్నర గంటల సినిమాలో మనం గంటకి పైగా కూర్చున్నది చీకట్లోనే. పన్నెండేళ్ళవాణ్ణి, ఆ మాటకి నిద్రపట్టలేదు. మర్నాడు మాట్నీలో తెర వైపు కాకుండా నా వెనక కంతలోంచి వచ్చే వెలుగు వైపే చూస్తూ కూర్చున్నాను, ఆ చీకటి ఎక్కడైనా కనిపిస్తుందేమోనని.

కాబట్టి ఆ సినిమాలో పిల్లలు సొంత మిషను చేయడం అయ్యే పనే. వెలుగు, కటకం, ఫిల్మ్‌ని ఆపి ఆపి లాగే ఏర్పాటు, అడ్డం తిరిగే రెక్క. ఈ నాలుగూ ఉంటే బొమ్మ కదులుతుంది. శబ్దం మాత్రం పిల్లల చేతికి దొరకదు. దాని దారి వేరు. ఫిల్మ్ పక్క అంచున సన్నటి గీతగా శబ్దం ముద్రించి ఉంటుంది. ఒక చిన్న దీపం వెలుగు దానిలోంచి పోయి ఫోటోసెల్ మీద పడితే అది కరెంటుగా మారి స్పీకరుకి వెళ్తుంది. బొమ్మకి ఫిల్మ్ ఆగాలి, శబ్దానికి ఆగకుండా ఒకే వేగంతో నడవాలి. రెండూ ఒకే చోట కుదరవు. అందుకని శబ్దాన్ని తన బొమ్మ కంటే 20 ఫ్రేములు ముందు ముద్రిస్తారు, మిషనులో శబ్దం చదివే చోటు కూడా అంతే కిందకి ఉంటుంది. మధ్యలో ఫిల్మ్‌ని కొంచెం వదులుగా, లూపుగా వదలాలి. ఆ లూపు తేడాగా పెడితే పెదాలు ఒకప్పుడు, మాట ఒకప్పుడు. సమయ్, వాడి స్నేహితులు శబ్దాలన్నీ నోటితో, చేతికందిన వస్తువులతో చేసుకోవడం నాకు సినిమా మొత్తంలో ఎక్కువ నచ్చిన భాగం. మా పంచె తెర దగ్గర కూడా డైలాగులు మేమే చెప్పేవాళ్ళం.

మా హాల్లో రెండు ఫోటోఫోన్ ప్రొజెక్టర్లు ఉండేవి. ఒకదాని మీద రీలు అయిపోతుండగా రెండోది అందుకోవాలి. ఎప్పుడు అందుకోవాలో తెర మీదే గుర్తు వస్తుంది. కుడివైపు పై మూలన చిన్న గుండ్రటి చుక్క కనిపించి మాయమవుతుంది. మొదటి చుక్కకి రెండో మిషను మోటారు వెయ్యాలి. ఏడెనిమిది సెకన్లకి రెండో చుక్క, అప్పుడు వెలుగు ఇటు మూసి అటు తియ్యాలి. భాయినా తింటున్నప్పుడు చుక్క చూసే పని నాకు అప్పగించేవారు. “చుక్క!” అని అరవగానే ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడం చేత్తో స్విచ్ వేసేవారు. అలా అలవాటైపోయి, ఇప్పటికీ ఏ సినిమా చూస్తున్నా పావుగంటకి ఒకసారి నా కళ్ళు ఆ మూలకి వెళ్తాయి. డిజిటల్‌లో చుక్కలేవీ రావు.

వెలుగు ఎక్కణ్ణుంచి వచ్చేదో కూడా చెప్పాలి. బల్బు కాదు. రాగి పూత వేసిన రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా బిగించి, ఒకదానికొకటి తాకించి వెంటనే కాస్త ఎడం చేస్తే మధ్యలో మండుతుంది, అదే ఆర్క్. వెనక గుండ్రటి అద్దం ఆ వెలుగుని కూడగట్టి ఫిల్మ్ మీదకి పంపుతుంది. కడ్డీలు కాలుతూ అరిగిపోతాయి, ఎడం పెరిగితే తెర పసుపు పచ్చగా మారుతుంది. అందుకే ప్రతి నిమిషం పిడి తిప్పుతూ దగ్గరికి జరపాలి. ఆట అంతా ఒక చెయ్యి దాని మీదే. పొగ పోవడానికి పైన గొట్టం ఉండేది. పనిచేసి ఇంటికొస్తే చొక్కా కాలిన రాగి వాసన వేసేది.

1981లో నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను, ఎందుకంటే మీ అబ్బాయికి ఫిల్మ్ అంటే ఏమిటో దీనివల్ల తెలుస్తుంది. తెగిన ఫిల్మ్ అతికించాలంటే ఒక అంచున బొమ్మ ఉన్న పొరని బ్లేడుతో గీకాలి, పూర్తిగా పోవాలి, అప్పుడు ఫిల్మ్ సిమెంటు అనే జిగురు రాసి రెండో అంచు దాని మీద పెట్టి నొక్కి ఉంచాలి. నేను తొందరలో సరిగ్గా గీకలేదు, ఆరనివ్వలేదు. సెకండ్ షోలో ఆ అతుకు మిషను గేటు దగ్గర, అంటే ఫిల్మ్ మీద వెలుగు పడే చోట, విడిపోయి ఫిల్మ్ ఆగిపోయింది. ఆగిన ఫిల్మ్ మీద ఆర్క్ వేడి పడితే ఏమవుతుంది? తెర మీద హీరోయిన్ చెంప మధ్యలో గోధుమరంగు బుడగ లేచింది, అంచులు మరుగుతూ వెడల్పయి, తెర తెల్లగా అయిపోయింది. హాలంతా ఒకటే కేక. నాకు కాళ్ళు వణికిపోయాయి. భాయినా వచ్చి వెలుగు మూసి, కాలిన ముక్క కోసి నా అరచేతిలో పెట్టారు. తిట్టలేదు. “టికే రుహ” అన్నారు, కాస్త ఆగు అని. మళ్ళీ గీకి, మళ్ళీ అతికించి, వేళ్ళతో నొక్కిపెట్టి, నా చేతే అంకెలు లెక్కపెట్టించారు. ఆ కాలిన ముక్క ఇప్పటికీ నా పౌడరు డబ్బాలో ఉంది.

అది సేఫ్టీ ఫిల్మ్ కాబట్టి కన్నం పడి అక్కడితో ఆగింది. అంతకు ముందు తరం ఫిల్మ్ నైట్రేటుది. అది అంటుకుంటే ఆర్పడం ఎవరి తరమూ కాదు. 1988లో వచ్చిన ఇటాలియన్ సినిమా ‘సినిమా పారడిసో’లో ఆపరేటరు ఆల్‌ఫ్రెడో కళ్ళు పోయేది ఆ మంటలోనే. కొడాక్ కంపెనీ 1951 నాటికే నైట్రేటు తయారీ ఆపేసింది. ‘ఛెల్లో షో’ చూసి ఇది దాని నకలే అన్నవాళ్ళున్నారు. పిల్లాడు, ఆపరేటరు, మూతపడే హాలు, ఇంతవరకూ ఒకటే, ఒప్పుకుంటాను. కానీ అక్కడి పిల్లాడు ఆపరేటరుని ప్రేమిస్తాడు, అతని నుంచి దూరంగా వెళ్ళి పెద్ద దర్శకుడవుతాడు. ఇక్కడి పిల్లాడు వెలుగునే పట్టుకోవాలనుకుంటాడు. రంగు గాజు ముక్కలోంచి చూస్తాడు, వేళ్ళ సందులోంచి చూస్తాడు, చేత్తో ముట్టుకుని చూస్తాడు. సినిమా మొదట్లోనే దర్శకుడు సినిమాకి పునాది వేసిన లూమియేర్ సోదరులకి, మైబ్రిడ్జ్‌కి, పెద్ద దర్శకులు డేవిడ్ లీన్‌కి, కూబ్రిక్‌కి, తార్కోవ్‌స్కీకి కృతజ్ఞత చెప్పుకున్నాడు. కానీ నాకు కనిపించింది వాళ్ళు కాదు, తలుపు సందు దగ్గర అద్దం పట్టుకుని కూర్చున్న మా వీధి కుర్రాడు.

రైలు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నన్ను ఏడిపించింది ఆ భాగమే. సినిమాలో ఆ స్టేషన్లో పట్టాలు వెడల్పు చేస్తారు, ఇక రైళ్ళు అక్కడ ఆగవు, నాన్న టీ కొట్టు పోతుంది. మాకూ ఒక చిన్న రైలు ఉండేది. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి, ఇక్కణ్ణుంచి కాశీనగర్ మీదుగా గుణుపూర్‌కి వెళ్ళే న్యారోగేజి. పర్లాకిమిడి రాజావారి చలవతో 1900లో మా ఊరిదాకా వచ్చింది, 1931లో గుణుపూర్ దాకా వెళ్ళింది. నా చిన్నప్పుడు సినిమా బాక్సులు దాంట్లోనే వచ్చేవి. రేకు పెట్టెలు, ఒక్కోదాంట్లో కొన్ని రీళ్ళు. వెయ్యి అడుగుల రీలు నడిచేది సుమారు 11 నిమిషాలు. అలా 14, 15 రీళ్ళు ఉంటేనే ఒక తెలుగు సినిమా. విడుదల రోజున మేం బడి ఎగ్గొట్టి స్టేషన్లో కాచుకునేవాళ్ళం. బాక్సు దిగితే దాని వెనకాల రిక్షా పట్టుకుని హాలుదాకా పరుగు. రైలు ఆలస్యమైతే ఆట ఆలస్యం. మొదటి నాలుగు రీళ్ళు ఆడేసి, మిగతా పెట్టె రాక, ఇంటర్వెల్ గంటన్నర ఇచ్చిన రోజు కూడా నాకు గుర్తుంది. జనం ఎవరూ ఇంటికి పోలేదు. బయట మురీల (మరమరాల) మిక్చరు కట్టేవాడి దగ్గర ఉల్లిపాయలు అయిపోయాయి. తర్వాత బాక్సులు బస్సుల్లో, వ్యాన్లలో రావడం మొదలైంది. పట్టాలు మార్చడానికి 2004లో చిన్న రైలు ఆపేశారు. కొన్నేళ్ళకి పెద్ద రైలు వచ్చింది, ఊరికి అది అవసరమే. కానీ అది వచ్చేసరికి బాక్సులు రైల్లో రావడం మానేశాయి.

మీ అబ్బాయి అడగని విషయం ఒకటి కూడా చెప్పనివ్వండి. మా హాల్లో తెలుగు, ఒడియా, హిందీ మూడూ ఆడేవి. మా ఊరు ఒడిశాలోకి వచ్చింది 1936 ఏప్రిల్ 1న, తొలి ఒడియా టాకీ ‘సీతా బిబాహ’ వచ్చిందీ ఆ ఏడే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. సంత రోజున గుమ్మ, సెరంగో కొండల మీంచి సవరలు దిగివచ్చి, సామాను అమ్ముకుని, మాట్నీకి వచ్చి నేల మీద కూర్చునేవారు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని నిఘంటువు కట్టింది మా ఊళ్ళోనే, కానీ మా హాల్లో సవరలో సినిమా ఒక్కటీ ఆడలేదు. తెలుగు పౌరాణికం నడుస్తుంటే ముందు వరసలో ఒక సవర ముసలాయన పద్యం మొదలవగానే కళ్ళు మూసుకుని, అయిపోగానే తెరిచేవాడు. పద్యం అర్థమవుతుందో లేదో నేనెప్పుడూ అడగలేదు. కంతలోంచి ఆయన్ని చూస్తూ శబ్దం ఒక గీత పెంచేవాణ్ణి. ‘ఛెల్లో షో’ని మీ అబ్బాయితో గుజరాతీలోనే చూశానన్నారు, చాలా మంచి పని చేశారు. అలాగే చూడాలి.

ఇక గాజులు. ఇదంతా నిజం. డిజిటల్ వచ్చింది. శాటిలైట్ ద్వారా, హార్డ్ డిస్కుల ద్వారా సినిమా హాలుకి చేరడం మొదలైంది. మొదట పెద్ద ఊళ్ళు, తర్వాత మాలాంటి ఊళ్ళు. 2012 జనవరిలో కొడాక్ కంపెనీయే దివాలా రక్షణ కోరింది. మా హాలు యజమాని కూడా ఆ ఏడే మిషన్లు మార్చారు. ఆయన్ని నేను తప్పుపట్టను. ప్రింటు తెప్పించే ఖర్చు తగ్గింది, విడుదల రోజే కొత్త బొమ్మ మా ఊళ్ళో పడింది. పాత మిషన్లని ఒక టెంపోలో వేసి తూకానికి పంపారు. రెండింటిలో ఒకదాని దీపం తలుపుకి నేను రోజూ రాసే బొట్టు ఇంకా ఉంది. ఇనుము ఒక రేటు, ఇత్తడి ఒక రేటు. షట్టరు రెక్కలు ఏ రేటుకి పోయాయో చూడలేదు, లోపలికి వచ్చేశాను. అక్కణ్ణుంచి అవి చెంచాలయ్యాయో, తాళాలయ్యాయో.

ప్రింట్లైతే మొదటి నుంచీ అంతే. హక్కుల గడువు తీరిన ప్రింటుని మళ్ళీ ఎవరూ ఆడించకుండా గొడ్డలితో నరికి తూకానికి అమ్మేవారు. నలుపు తెలుపు ఫిల్మ్‌లో బొమ్మంటేనే వెండి. ఆ వెండి కోసం కడిగేసేవారు. రంగుల ప్రింట్లలో బొమ్మ రంగుపొరల్లో ఉంటుంది, వెండి దాదాపు మిగలదు. కాబట్టి ఆ ప్లాస్టిక్కే సరుకు. ముక్కలు చేసి, కడిగి, కరిగించి గాజులుగా పోస్తారు. సినిమాలో చూపించిన కార్ఖానా పని అదే. మీ వాడు ఏడ్చాడని రాశారు. ఏడవనివ్వండి. మన తొలి టాకీ ‘ఆలమ్ ఆరా’ 1931లో వచ్చింది, తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. రెండింటికీ ఇవాళ ప్రింటు లేదు. 1964లో పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టాక పి.కె. నాయర్ గారు ఊరూరా తిరిగి, గోడౌన్లలో, అటకల మీద వెతికి వేల సినిమాలు కాపాడారు. ఆయన పేరు మీ అబ్బాయికి చెప్పండి. హీరోల పేర్లతో పాటు తెలియాల్సిన పేరు.

సినిమా చివర సమయ్ గాజుల రంగులు చూస్తూ నటుల పేర్లు, దర్శకుల పేర్లు వరసగా అనుకోవడం కొంచెం ఎక్కువసేపు సాగిందని నాకు అనిపించింది. ఆ పేర్లలో సగం ఆ ఊరి పిల్లాడికి తెలిసే అవకాశం లేదు, అవి పెద్దయిన దర్శకుడివి. కానీ ఆ ఆడవాళ్ళ చేతుల గాజుల వంక వాడు చూసిన చూపు మాత్రం అబద్ధం కాదు. టెంపో వెళ్ళిన వారానికి మా ఊరి సంతలో గాజుల అంగడి ముందు నేనూ నిలబడిపోయాను. ఎర్రవి చూసి ఏ సినిమావో అనుకున్నాను.

మీ అబ్బాయి ఇంట్లో ప్రయత్నిస్తానంటున్నాడు కదా. బల్బు పద్ధతి వద్దు, గాజు పగులుతుంది, అలాంటి బల్బులు ఇప్పుడు దొరకడమూ తక్కువే. చెప్పుల డబ్బాకి ఒక వైపు భూతద్దం మేర కంత చేసి అందులో భూతద్దం బిగించండి. లోపల, భూతద్దానికి దాని ఫోకస్ దూరం (వెలుగుని ఒక చుక్కగా కూడగట్టే దూరం) కంటే కొంచెం ఎడంగా, బొమ్మ నిలబెట్టే అట్ట పెట్టండి. వెనక ఫోను టార్చి. ఫిల్మ్ లేకపోతే పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కాగితం మీద సన్నటి మార్కరుతో వాణ్ణే గీయమనండి, తలకిందులుగా. అట్టని వెనక్కీ ముందుకీ జరిపితే గోడ మీద తేలుతుంది. ఎండతో, భూతద్దంతో మాత్రం ఆడనివ్వకండి, కాగితం అంటుకుంటుంది. కదిలే బొమ్మ కావాలంటే ముందు నోటుపుస్తకం మూలల్లో ఒక్కో పేజీకీ కొంచెం కొంచెం మార్చి గీసి, బొటనవేలితో పేజీలు వదలడం నేర్పండి. పేజీ నుంచి పేజీకి గెంతుతుంది కదా, మాల్టీస్ క్రాస్ పని అదే.

నిజం ఫిల్మ్ ముక్క కోసం మీ ఊళ్ళో పాత హాలు ఉంటే ఆపరేటరుగా చేసిన ఆయన ఎక్కడున్నారో కనుక్కుని వెళ్ళి అడగండి. మాలో చాలామంది దగ్గర ఒక డబ్బా ఉంటుంది. నా డబ్బా తెరిస్తే ఇప్పుడు పుల్లటి వాసన, వెనిగర్ లాగా, పాత ఎసిటేటు ఫిల్మ్, అంటే ఇందాకటి సేఫ్టీ ఫిల్మ్, చెడిపోతున్నప్పుడు వచ్చేదే. ఇంకెన్నాళ్ళు ఉంటాయో ఆ ముక్కలు. ఒక ముక్క దొరికితే అంచులు మాత్రమే పట్టుకోమనండి, వేలిముద్ర పడితే పోదు. బొమ్మ ఉన్న పొర ఏ వైపుదో తెలియాలంటే మూలని తడి పెదవికి తాకించాలి, అంటుకున్న వైపే బొమ్మ వైపు. మాకు భాయినా నేర్పింది అదే. తర్వాత కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుగుకి ఎదురుగా పెట్టి, పై నుంచి ఒక్కో బొమ్మే లెక్కపెట్టమనండి. ఇరవై నాలుగు రాగానే ఆపమనండి. అంతా కలిపి అడుగున్నర పొడవుంటుంది, ఒక్క సెకను.